నవలలో నిస్వార్థపు స్నేహితుడు: అపోహలు - వాస్తవాలు

శ్రీకాకుళంలో ఉంటూ పిల్లలు పెద్దవాళ్లయ్యే కథలే రాస్తుంటాను. కొత్తవాళ్ల రాతప్రతులూ చదివిపెడతాను. సగం ప్రతుల్లో ఒక దేవుడిలాంటి కుర్రాడు ఉంటాడు. తన అన్నం పెట్టేస్తాడు, ఫీజు కట్టేస్తాడు, ఆఖర్న పోతాడు. స్నేహితులంతా మారిపోతారు.

అపోహ: ఎంత వదులుకుంటే అంత గొప్ప పాత్ర.

వాస్తవం: మన విజయనగరం గురజాడ 1910లోనే 'సొంత లాభం కొంత మానుకు' అన్నాడు. ఆ 'కొంత'ని మరిచిపోతాం. అన్నీ వదిలేసినవాడికి పాఠకుడు దండం పెట్టి పేజీ తిప్పేస్తాడు. కొంత వదలాలంటే లెక్క చూసుకోవాలి, ఏది ఉంచుకోవాలో తేల్చుకోవాలి. మనిషి దొరికేది అక్కడే.

అపోహ: అతని మంచితనం చూడగానే స్నేహితులు కరిగిపోతారు.

వాస్తవం: ముందు ఒళ్లు మండుతుంది. నా నవల ఒకటి ఉద్దానంలో, 2018 అక్టోబరు తిత్లీ తుపాను మర్నాడు మొదలవుతుంది. జీడితోటలు, కొబ్బరిచెట్లు నేలకూలాయి. ఒక గుంటడు తమకొచ్చిన టార్పాలిన్ పక్కింటి బాలింతకి ఇచ్చేస్తాడు. మొదటి ప్రతిలో అది చూసి స్నేహితుడి కళ్లు చెమర్చాయి. మా అప్ప చదివి, "ఏటిరా ఇది, ఆడి అమ్మ ఊరుకుంటాదేటి?" అంది. తిరగరాశాను. అమ్మ వీధిలోకొచ్చి తిట్టింది. స్నేహితుడు "పెద్ద ఈరో అయిపోనావు" అని రెండు వారాలు మాటలు మానేశాడు. వాళ్లింట్లో రెండు టార్పాలిన్లు ఉన్నాయి మరి! ఆ కోపం సిగ్గేనని నేనెక్కడా రాయలేదు. అరవై పేజీల తర్వాత, ఎవరూ అడక్కుండానే వాడొక ముసలాయన తోటలో పడిన మాను నరకడానికి గొడ్డలి పట్టుకెళ్తాడు. ఈ రెంటికీ ముడి పాఠకుడే వేసుకోవాలి.

అపోహ: అతనే కథ చెప్పాలి.

వాస్తవం: 'నేనిచ్చాను' అని తనే చెప్తే గొప్పలవుతాయి. చూసినవాడు చెప్పాలి, వీలైతే కాస్త అసూయతో.

అపోహ: అందరూ మారాలి.

వాస్తవం: ముగ్గురిలో ఒకడు చాలు. ఇంకొకడు అతన్ని వాడుకుంటాడు. మూడోవాడు గమనించనే గమనించడు.

అపోహ: ఆఖర్న అతను పోవాలి.

వాస్తవం: పోతే స్నేహితులకి అప్పు మాఫీ. బతికుంటేనే వాళ్లకి రోజూ ఎదురుపడతాడు. నా నవలలో కూలిన తోటలో జీడి అంట్లు నాటుతారు. మూడో ఏటికి కాపు మొదలవుతుంది. అలిగిన స్నేహితుడికి అప్పటికి పదిహేడేళ్లు. తొలి కాపు జీడిపిక్కలు సంచీలో తెచ్చి, టార్పాలిన్ ఇచ్చేసిన గుంటడి ఇంటి అరుగు మీద పెట్టేసి వెళ్లిపోతాడు. లోపల్నుంచి పిలిచినా ఆగడు.