చిన్న దేశంపై మెరుపు దాడి: అపోహలు - వాస్తవాలు

పెద్ద దేశం చిన్న దేశంపైకి దండెత్తిందనగానే "ఎన్నాళ్లు నిలబడుతుందిలే" అని నిట్టూర్చేవారే ఎక్కువ. సైనిక ప్రణాళికలు బోధించే వృత్తిలో ఉన్నాను కాబట్టి ఈ మాట నాకు కొత్త కాదు. నేను మాత్రం వేరే ప్రశ్నతో మొదలుపెడతాను: దాడి జరిగిన తొలి రాత్రి, పైనుంచి ఆదేశం అందకపోయినా, ఎవరు ఏం చేయాలో ఆ దేశంలో వారికి ముందే తెలుసా?

అపోహ: ఎలాగూ గెలవలేనప్పుడు సైన్యంపై పెట్టే ఖర్చు దండగ.

చిన్న దేశంపై కన్నేసినవారు దీర్ఘయుద్ధానికి సిద్ధపడి రారు. తెల్లవారేలోగా రాజధానిని, విమానాశ్రయాన్ని, రేడియో కేంద్రాన్ని పట్టుకుని, ప్రపంచం తేరుకునేలోగా పని ముగించాలని చూస్తారు. ఆ లెక్క కుదరదని ముందుగానే వారికి అర్థమయ్యేలా చేయడమే నిరోధం. శత్రువును చిత్తుగా ఓడించే శక్తి దానికి అక్కర్లేదు.

ఫిన్లాండ్‌నే చూడండి. 1939 నవంబర్ 30న సోవియట్ సైన్యం సరిహద్దు దాటే నాటికి ఆ దేశ జనాభా దాదాపు 37 లక్షలు. 105 రోజులు పోరాడింది. సుమారు 25 వేల మందిని పోగొట్టుకుంది, దాదాపు పదో వంతు భూభాగాన్ని వదులుకుంది. దేశం మాత్రం మిగిలింది. అదే ఏడాది సోవియట్ స్థావరాలకు ఒప్పుకున్న ఎస్తోనియా, లాత్వియా, లిథువేనియా 1940 జూన్‌లో ఆక్రమణకు గురయ్యాయి. అవి తిరిగి స్వతంత్రమయ్యేసరికి 1991 వచ్చింది. ఫిన్లాండ్‌ది గెలుపా ఓటమా అని మా తరగతిలో ప్రతిసారీ వాదన జరుగుతుంది. నేను అడ్డుపడను. ఒక్క విషయం మాత్రం గుర్తుచేస్తాను: శిక్షణ పేరుతో ఫిన్లాండ్ తన రిజర్వు దళాలను, అంటే శిక్షణ పొంది ఇళ్ల దగ్గర ఉండే సైనికులను, అక్టోబరులోనే పిలిపించింది. బాంబులు పడేనాటికి సైనికులు తమ స్థానాల్లో ఉన్నారు.

అపోహ: మెరుపు దాడి ముందస్తు సూచన లేకుండా వస్తుంది.

నేను చదివిన ఉదంతాల్లో సూచనలు కరవైనవి చాలా తక్కువ. సూచన అందాక నిర్ణయం తీసుకోవడంలోనే అసలు లోపం. 1990 జులైలో ఇరాక్ దళాలు కువైట్ సరిహద్దులో పోగవడం అందరికీ తెలుసు. అది ఉత్త బెదిరింపే అనుకున్నారు. ఆగస్టు 2న దాడి మొదలైంది, రెండు రోజుల్లో దేశం చేజారింది.

1940 ఏప్రిల్ 9 నాటి నార్వేలో ఈ లోపమూ, దానికి విరుగుడూ ఒకే రాత్రి కనిపిస్తాయి. జర్మన్ నౌకలు తీరాన్ని సమీపిస్తుండగా ప్రభుత్వం సైనిక సమీకరణకు ఉత్తర్వు ఇచ్చింది. అదీ పాక్షికంగా, అదీ తపాలా ద్వారా! శత్రువు గుమ్మంలో ఉండగా రిజర్వు సైనికుడు ఉత్తరం కోసం ఎదురుచూడాలన్నమాట.

అదే రాత్రి రాజధాని ఓస్లోకు దారితీసే ఇరుకు జలమార్గంలో, ఆస్కార్స్‌బోర్గ్ కోటలో కర్నల్ బిర్గర్ ఎరిక్సెన్ ఉన్నారు. ఆయన చేతిలో ఉన్నవి 19వ శతాబ్దపు 28 సెంటీమీటర్ల ఫిరంగులు, కొత్తగా చేరిన కుర్రాళ్లు, నలభై ఏళ్ల నాటి టార్పెడోలు (నీటిలో దూసుకెళ్లి నౌకను పేల్చే ఆయుధాలు). చీకట్లో వస్తున్న నౌక ఎవరిదో తెలియదు, స్పష్టమైన ఆదేశమూ లేదు. ఆయన కాల్చమన్నారు. పేలినవి రెండే గుళ్లు, రెండూ తగిలాయి. ఆ తర్వాత టార్పెడోలు. ఓస్లోను పట్టుకోవడానికి బయలుదేరిన బలగాలను, అధికారులను మోస్తున్న సరికొత్త యుద్ధనౌక బ్ల్యూచర్ మునిగిపోయింది. మిగతా నౌకలు వెనుదిరిగాయి.

ఓస్లో ఆ రోజే జర్మన్ల వశమైంది, నిజమే. కానీ దొరికిన ఆ కొద్ది గంటల్లో రాజు, మంత్రివర్గం, పార్లమెంటు సభ్యులు రైలెక్కి బయటపడ్డారు, దేశ బంగారమూ తరలిపోయింది. ప్రధాన భూభాగంలో పోరాటం జూన్ దాకా సాగింది. ఆపై ప్రవాస ప్రభుత్వం వెయ్యికి పైగా వాణిజ్య నౌకలను మిత్రరాజ్యాల కోసం నడిపింది. అదే ఉదయం డెన్మార్క్ కొన్ని గంటల్లోనే లొంగిపోయింది. నిర్ణయాధికారం ముందే కింది అధికారికి ఇచ్చి ఉంచాలని నేను పదే పదే పోరేది ఇందుకే. ఎరిక్సెన్ సొంత తెగువతో చేసినది నిబంధనగా ముందే రాసి ఉండాల్సింది.

అపోహ: పెద్ద కోట, ఖరీదైన యుద్ధవిమానాలు ఉంటే చాలు.

బెల్జియం 1930లలో కట్టిన ఎబెన్ ఎమాయెల్ కోట దుర్భేద్యమని పేరుపొందింది. 1940 మే 10న ఎనభై మంది లోపు జర్మన్ సైనికులు గ్లైడర్లలో (ఇంజిన్ లేని విమానాల్లో) నేరుగా దాని పైకప్పుపైనే దిగారు. అక్కడ మందుపాతరలు లేవు. మర్నాటికి కోట లొంగిపోయింది. అందరూ ఒకే చోట, శత్రువుకు తెలిసిన చోట ఉంటే ఇదే ప్రమాదం. వరుసగా నిలిపిన యుద్ధవిమానాల సంగతీ అంతే. చెల్లాచెదురుగా దాచిన చిన్న క్షిపణులు, డ్రోన్లు, కదిలే ఫిరంగులు తొలి దెబ్బకు తట్టుకుంటాయి.

ఉక్రెయిన్ చిన్న దేశం కాదు, కానీ హోస్తొమెల్ విమానాశ్రయం ఉదంతం చిన్న దేశాలకే ఎక్కువ పనికొస్తుంది. 2022 ఫిబ్రవరి 24న రష్యా దళాలు హెలికాప్టర్లలో అక్కడ దిగాయి. వెనుక భారీ రవాణా విమానాల్లో మరిన్ని బలగాలు రావాలి. ఉక్రెయిన్ ఫిరంగులు రన్‌వేను గుంతలు చేశాయి, ఆ విమానాలు దిగనేలేదు. మర్నాడు రోడ్డు మార్గాన వచ్చిన దళాలతో విమానాశ్రయం రష్యా చేతిలోకి వెళ్లింది, కానీ రాజధాని కీవ్‌ను చటుక్కున పట్టుకునే అదను తప్పిపోయింది. సొంత రన్‌వేను, సొంత వంతెనను ధ్వంసం చేసే పథకం లేని రక్షణ ప్రణాళికను నేనైతే తిప్పి పంపిస్తాను.

అపోహ: తటస్థంగా ఉంటే ఎవరూ జోలికి రారు.

1914లో బెల్జియం, 1940లో నార్వే, డెన్మార్క్, నెదర్లాండ్స్ తటస్థ దేశాలే. ఐస్‌లాండ్‌నైతే బ్రిటనే ఆక్రమించింది. స్విట్జర్లాండ్ తటస్థతను అందరూ మెచ్చుకుంటారు. 1939లో నాలుగు లక్షలకు పైగా సైనికులను సమీకరించి, వంతెనల్లో, సొరంగాల్లో పేలుడు పదార్థాలు అమర్చుకున్న సంగతి చెప్పేవారు తక్కువ.

అపోహ: సైన్యం ఓడినా ప్రజలు తిరగబడతారు.

1968 ఆగస్టులో సోవియట్ నాయకత్వంలోని సేనలు చొరబడినప్పుడు చెకోస్లోవేకియా ప్రజలు వీధుల పేర్ల పలకలు పీకేశారు, రహస్య రేడియో నడిపారు, ట్యాంకులెక్కిన సైనికులను నిలదీశారు. ఆక్రమణదారులను కొన్నాళ్లు తికమకపెట్టారు. నాయకులను మాస్కో తీసుకెళ్లి సంతకాలు చేయించాక ఆ ఊపు నిలవలేదు. తాము పట్టుబడితే తమ సంతకం చెల్లదని నాయకత్వం ముందే చాటి ఉండాలి. లొంగిపొమ్మని వచ్చే ఏ వార్తా నిజం కాదని స్వీడన్ ఇంటింటికీ పంచిన కరపత్రంలో ముద్రించింది ఈ ఉద్దేశంతోనే. నేల చేజారినా ప్రభుత్వం నడిచేలా ఎస్తోనియా కీలకమైన ప్రభుత్వ రికార్డుల నకళ్లను లక్సెంబర్గ్‌లోని సర్వర్లలో ఉంచుతోంది. ఆయుధంతో పనిలేని ఈ ఏర్పాటుకు నేను చాలా మార్కులు వేస్తాను.

అపోహ: మిత్రకూటమి ఉంది కదా, వాళ్లే చూసుకుంటారు.

సాయం రావడానికి రోజులు పడుతుంది, దాడి గంటల్లో సాగుతుంది. అందుకే ఎస్తోనియా, లాత్వియా, లిథువేనియా అనే బాల్టిక్ దేశాలు నాటో కూటమి ఒప్పందంపై సంతకంతో సరిపెట్టుకోకుండా మిత్రుల దళాలను 2017 నుంచి తమ నేలపైనే ఉంచుకుంటున్నాయి. లిథువేనియాలో జర్మనీ ఏకంగా శాశ్వత బ్రిగేడ్‌నే (కొన్ని వేల మంది సైనికుల దళాన్నే) నెలకొల్పుతోంది. అయినా ఎస్తోనియా తన రిజర్వు సైనికులను అప్పటికప్పుడు పిలిచి పరీక్షించే విన్యాసాలు మానలేదు. పిలుపు అందాక ఎందరు వచ్చారు, ఎంతసేపట్లో వచ్చారు అన్నది అందులో లెక్కకు వస్తుంది.