పటిక ఆరేలోగా

చిరంజీవులైన పిల్లలకి,

అమ్మమ్మ ఆశీస్సులు. ఇక్కడ మేమంతా క్షేమం. పొద్దున్నే కలంకారీ బట్టకి పటికనీళ్ళు పెట్టాను. అది రేపటిదాకా ఆరాలి. అందాకా నాకు చేతిలో పనేమీ లేదు, అందుకే ఈ ఉత్తరం. ఫోన్లో చెప్పొచ్చు కదా అంటారు. ఫోన్లో మీరు "ఊఁ, ఊఁ" అంటూ ఇంకేదో చూస్తుంటారని నాకు తెలుసు.

మొన్న మీ ఇద్దరూ చెరో మాట అన్నారు. చిన్నదేమో, "ఇంటర్ అయ్యేదాకా బొమ్మలు బంద్ అమ్మమ్మా, కోచింగ్‌తోనే టెన్షన్‌గా ఉంది" అంది. పెద్దాడేమో బెంగళూరులో జీతం పడగానే రంగులు, కాన్వాసులు, స్టాండు అన్నీ కొన్నాడట. ఆరు నెలలైంది, సీలు తియ్యలేదట. "ఒక్క వారం లీవు దొరికితే మొదలుపెడతా" అన్నాడు. చివరికి ఇద్దరూ కలిసి నన్నే పట్టుకున్నారు: ముప్ఫై మూడేళ్ళు టెలిఫోన్ ఎక్స్చేంజిలో షిఫ్టులు చేస్తూ, ఇద్దరు పిల్లల్ని పెంచుతూ ఈ కలంకారీ ఎప్పుడు వేశావు, నీకు టైమెక్కడిది అని.

అప్పుడు నవ్వి ఊరుకున్నాను. నిజానికి టైము నేను ఎక్కణ్ణుంచీ తేలేదు. ఆ బట్టే ఇచ్చింది. అదెలాగో తెలియాలంటే పని ఎలా జరుగుతుందో ముందు తెలియాలి. మీరిద్దరూ గోడకి తగిలించిన బొమ్మనే చూశారు తప్ప దాని వెనకాల తంతు ఎప్పుడూ కూర్చుని చూడలేదు.

ముతక నూలుబట్ట తెచ్చి రాత్రంతా నానబెట్టి, ఉతికి గంజి పోగొట్టాలి. ఆరాక, కరక్కాయ పొడి, చిక్కటి గేదెపాలు కలిపిన నీళ్ళలో ముంచి, పిండి, ఎండలో వెయ్యాలి. కరక్కాయలో వగరు ఉంటుంది చూడండి, అదే రంగుని బట్టకి పట్టిస్తుంది. పాలలో కొవ్వు ఆ రంగు గీత దాటి పాకకుండా ఆపుతుంది. ఈ రెండో సంగతి నేను డబ్బు తగలేసి నేర్చుకున్నాను. కొత్తలో ఒకసారి గేదెపాలు దొరక్క, వెన్న తీసిన ప్యాకెట్ పాలు పోసేశాను. పాలు పాలే కదా అనుకున్నా. గీత గీస్తే చీమకాలంత గీత గొంగళిపురుగంత అయింది. నాలుగు మీటర్ల బట్ట. మీ తాతయ్య దాన్ని చాలా ఏళ్ళు స్కూటర్ తుడుచుకోవడానికి వాడారు. ఎవరైనా వస్తే "ఇది మా ఆవిడ చిత్రలేఖనం" అని చూపించేవారు కూడా.

బట్ట ఆరాక చింతపుల్లలు కాల్చిన బొగ్గుతో బొమ్మ పలచగా గీసుకుంటాం. ఆ పైన కలం. కలం అంటే మీరు పెన్ను అనుకుంటారు. వెదురు పుల్లని చెక్కి, మొనకి కాస్త పైన ఉన్నిగుడ్డ ఉండలా చుట్టి, నూలుదారంతో బిగించి కడతాం. ఆ ఉండ రంగుని పీల్చుకుని దాచుకుంటుంది. వేళ్ళతో మెల్లిగా నొక్కితే కొంచెం కొంచెంగా మొనలోకి దిగుతుంది. గట్టిగా నొక్కారా, టప్పున బొట్టు పడుతుంది. ఈ పనిలో రబ్బరు లేదు, పడ్డ బొట్టు పడ్డట్టే. దాన్ని పువ్వో పిట్టకన్నో చేసుకోవాలి. మన హాల్లో ఉన్న సీతమ్మ చీర మీద అన్ని బుటాలు ఎందుకున్నాయో ఇప్పుడు తెలిసిందా?

ఇక నలుపు. దాన్ని కసిం అంటాం. తుప్పు పట్టిన ఇనపముక్కలు, బెల్లం, తాటిబెల్లం నీళ్ళలో వేసి మట్టికుండకి గుడ్డ కట్టి పెడితే రెండు మూడు వారాలకి పులుస్తుంది. పెరట్లో మీరు ముక్కు మూసుకుని పరిగెత్తే ఆ కుండ అదే. చూడ్డానికి నలుపేమీ ఉండదు, మురికి టీ నీళ్ళలా ఉంటుంది. దాంతో కరక్కాయ పట్టిన బట్ట మీద గీత గీస్తే మొదట బూడిదరంగులో కనిపిస్తుంది. మీరు ఊపిరి తీసి వదిలేలోగా ముదురుతుంది, ఇంకాసేపటికి కాటుకలా అయిపోతుంది. ఇనుమూ వగరూ కలిసి బట్ట లోపలే నలుపు పుడుతుందన్నమాట. కరక్కాయ పెట్టని బట్ట మీద అదే కసిం పోస్తే తుప్పుమరక, అంతే. నలభై ఏళ్ళు దాటింది నేను ఇది చూడబట్టి. ఇప్పటికీ మొదటి గీత గీసి కలం ఎత్తి ఒక్క క్షణం చూస్తాను.

తరవాత ఎరుపు రావాల్సిన చోట్ల పటికనీళ్ళు పెట్టాలి. ఇవాళ నేను చేసింది అదే. అది ఆరి, బట్టకి బాగా పట్టాక పారే నీళ్ళలో ఝాడించాలి, అదనంగా ఉన్న పటిక పక్క చోట్లకి అంటకుండా కొట్టుకుపోవాలి. ఆ తరవాత ఎరుపునిచ్చే వేళ్ళు, చిరివేరో మంజిష్ఠో, వేసి మరిగిస్తే పటిక ఉన్నచోటే ఎరుపు పడుతుంది. ఇప్పుడు చాలామంది వేళ్ళ బదులు అలిజరిన్ అనే రసాయన ఎరుపు పొడి వాడుతున్నారు. నేనూ వాడాను, అబద్ధమెందుకు. ఆ తరవాత పేడనీళ్ళలో నానబెట్టి, తడుపుతూ ఎండబెడుతూ మిగతా చోట్లు తెల్లగా తెచ్చుకోవాలి. మళ్ళీ పాలు. మళ్ళీ ఎండ. అప్పుడు పసుపు, ఆపైన నీలిమందు, పసుపు మీద నీలం పడ్డచోట ఆకుపచ్చ. మళ్ళీ ఉతుకు.

ఇప్పుడు లెక్క చూడండి. ఓ చిన్న పటం నాకు నెలన్నర పట్టేది. అందులో నేను బట్ట ముందు కూర్చున్నది ముప్ఫై గంటలు కూడా ఉండదేమో. మిగతాదంతా నానడం, ఆరడం, పులవడం, మరగడం. వాటికి నాతో పని లేదు. నా డ్యూటీ, మీ అమ్మ స్కూలు, అత్తగారి మందులు, రేషన్ క్యూ అన్నీ ఆ సందుల్లోనే జరిగాయి. రాత్రి డ్యూటీకి వెళ్తూ బట్ట నానేసేదాన్ని. పొద్దున వచ్చి పిండి మేడ మీద ఆరేసి పడుకునేదాన్ని. సాయంత్రం లేచేసరికి అది గీతకి రెడీ. పొయ్యి మీద అన్నం ఉడికేలోగా ఒక నెమలి తోక అయ్యేది. ఒక్కోసారి అన్నం మాడేది. అది కూడా రాయాలి కదా.

—

మర్నాడు. నిన్న పక్కింటావిడ వచ్చి ఉత్తరం ఆగిపోయింది. పటిక ఆరింది, పొద్దున్నే ఝాడించేశాను.

ఏటికి వెళ్ళలేదు. స్వర్ణముఖి వానలొస్తేనే పారుతుంది, మిగతా రోజుల్లో ఇసుకే. ఇంట్లో బోరు పైపు పెట్టుకుని ఉతికాను. మీ అమ్మ చిన్నప్పుడు ఏట్లో నీళ్ళుంటే ఆదివారం ఇద్దరం వెళ్ళేవాళ్ళం. నేను బట్ట రెండు కొసలూ పట్టుకుని నీళ్ళలో వదిలితే అది పాములా సాగేది. మీ అమ్మేమో పడవలు వేసేది. తను బొమ్మలెప్పుడూ వెయ్యలేదు కానీ ఎరుపు సరిగ్గా పడిందా లేదా అన్నది ఇప్పటికీ చూడగానే చెప్పేస్తుంది.

నేను ఎవరి దగ్గర నేర్చుకున్నానో అడిగారు. మా వీధి చివర ఒక పెద్దాయన ఉండేవారు. కాళహస్తిలో ఈ పని దాదాపు అడుగంటిపోయిన కాలంలో, దేశంలో చేతిపనులు నిలబెట్టడానికి పాటుపడిన కమలాదేవి ఛటోపాధ్యాయ పట్టుబట్టి మళ్ళీ నిలబెట్టారు, 1957లో ఇక్కడ శిక్షణ కేంద్రం పెట్టారు. ఆయన అక్కడ నేర్చుకున్నవారే. అలా మళ్ళీ చిగురించిన ఊరు కాబట్టే 2008లో కలంకారీ కళాకారుడు జొన్నలగడ్డ గురప్పశెట్టిగారికి పద్మశ్రీ వస్తే వీధి వీధంతా మనింట్లో వాళ్ళకే వచ్చినంత సంబరపడింది. పెద్దాయన నాకు మూడు నెలలపాటు బొమ్మే ఇవ్వలేదు. గీతలు, వంపులు, చుట్లు. ఆ వంపులు నేను ఆఫీసులో ట్రంక్‌కాల్ టికెట్ల వెనకాల వేసేదాన్ని. అప్పట్లో ఊరు దాటి ఫోను కలపాలంటే గంటలు పట్టేది. లైను కోసం ఎదురుచూస్తూ హెడ్‌సెట్ చెవికి తగిలించుకుని ఒక తీగ, ఒక ఆకు. ఓసారి మా పై అధికారి ఆ టికెట్ల కట్ట తిరగేసి చూసి, "అమ్మా, మద్రాసు కాల్ వెనకాల ఈ చిలకేంటి?" అని అందరిముందూ చివాట్లు పెట్టారు. ఆ రోజు నుంచీ ఇంటి నుంచి కాగితాలు తీసుకెళ్ళాను.

పెద్దాయన దగ్గర నేను నేర్చుకున్నవాటిలో నాకు బాగా నచ్చింది బొమ్మకింద రాత. పాతకాలం కలంకారీ పటాలు గుళ్ళో దేవుడి వెనక కట్టేవి. మధ్యలో పెద్ద బొమ్మ, చుట్టూ వరసలు వరసలుగా చిన్న గళ్ళు, గడికొక కథ, దాని కింద తెలుగులో ఒక పంక్తి. చదువు రానివాళ్ళు బొమ్మ చూసి, వచ్చినవాళ్ళు చదివి చెప్పుకునేవారు. పెడనలో టేకు అచ్చులతో అద్దే కలంకారీకి ఈ రాత ఉండదు, దానిది పూలు, తీగల అందం. మీరు షాపుల్లో చూసేది చాలావరకు ఆ రెండూ కాదు, మిల్లులో కొట్టిన ప్రింటు. ముక్కు దగ్గర పెట్టుకుని చూడండి. కొత్త కలంకారీ గుడ్డకి పులిసిన పాలవాసన కాస్తైనా ఉంటుంది. ఆ వాసన మీకు నచ్చదని తెలుసు.

ఉద్యోగం చేస్తూ బొమ్మలు వేసింది నేనొక్కదాన్నే కాదు. సిద్దిపేటలో కాపు రాజయ్యగారని ఒక చిత్రకారుడు ఉండేవారు. 1925లో పుట్టారు, 2012 దాకా ఉన్నారు. బడిలో డ్రాయింగ్ మాస్టారు ఉద్యోగం చేస్తూనే బతుకమ్మలు, బోనాలు, పల్లెటూరి ఆడవాళ్ళ పనులు జీవితమంతా వేశారు. ఆయన బొమ్మలు చూసినప్పుడల్లా నాకు ముందు రంగులు కాదు, మర్నాడు పొద్దున బడికెళ్ళి హాజరు పిలవాల్సిన మనిషి గుర్తొస్తాడు. ఉద్యోగం మానేసి కళకి అంకితమైనవాళ్ళ కథలు మీకు ఎవరైనా చెప్తారు. నాకు ఇలాంటివాళ్ళ మీదే మక్కువ.

ఇప్పుడు మీ సంగతి.

చిన్నదానా, నువ్వు రెండేళ్ళు బొమ్మలు మానేస్తానంటే నేను తిడతానని భయపడ్డావట. ఎందుకు తిడతాను? మీ మావయ్య పుట్టాక, మా అమ్మకి పక్షవాతం వచ్చాక నేను అయిదేళ్ళు కలం ముట్టుకోలేదు. చెయ్యి పోయిందనే అనుకున్నా. మళ్ళీ కూర్చున్నప్పుడు నెల రోజులు గీత వణికింది, రాముడి కోదండం వానపాములా వచ్చింది. తరవాత దానంతటదే సర్దుకుంది. ఆ అయిదేళ్ళూ మీ తాతయ్య ఆ కసిం కుండలో నీళ్ళు ఇంకిపోకుండా చూస్తూ, అప్పుడప్పుడూ ఇంత బెల్లం, నాలుగు మేకులు వేస్తూ వచ్చారు. నేను అడగలేదు. ఆయన కూడా చెప్పలేదు. మూత తీసి చూస్తే తెలిసింది. నీ పెన్సిళ్ళు మాత్రం అటక ఎక్కించకు. లెక్కల పుస్తకం పక్కనే ఉండనీ. వేస్తే వేస్తావు, లేకపోతే లేదు.

పెద్దాడా, నీకు మాత్రం చివాట్లే. నువ్వు అడిగే వారం లీవు దొరికితే మొదటి రోజు నిద్రపోతావు, రెండో రోజు స్నేహితులొస్తారు, మూడో రోజు ఊరికొస్తావు. నాకు నీ సంగతి తెలియదా? ఆ పెద్ద కాన్వాసు గోడకి ఆనించి మరిచిపో. అంత తెల్లటి బట్ట ముందు నాకే ఇప్పటికీ చెయ్యి రాదు. పోస్టుకార్డంత ముక్క తీసుకుని ఒక్క రంగుతో మొదలుపెట్టు. నువ్వు కొన్నవి ఆయిల్ రంగులైతే మరీ మంచిది, అవి ఆరడానికే రోజులు పడతాయి. ఓ పూత వేసి ఆఫీసుకి పో. వచ్చేసరికి ఆరి ఉండదు కూడా, తొందరేముంది? వేసినవాటి ఫొటోలు వెంటనే అందరికీ పంపకు. పంపితే మొదటి ప్రశ్న "ఎంతకిస్తావు?" అనే వస్తుంది. నాకు ఆ ప్రశ్న ముప్ఫై ఏళ్ళుగా పడదు. అమ్ముకుని బతికేవాళ్ళకి అది న్యాయమైన ప్రశ్నే, వాళ్ళకి సరైన ధర రావాలి, మీరు కొనేటప్పుడు బేరమాడకండి కూడా. జీతం వస్తున్న నాకు దానితో ఏం పని?

ఇవాళ ఎరుపు మరిగించాలి. కట్టెపొయ్యి మీద కాగు పెట్టాను, తాతయ్య ఊదుతున్నారు, దగ్గుతున్నారు. బొమ్మ ఏంటో చెప్పనా? ఎక్స్చేంజిలో హెడ్‌సెట్ పెట్టుకుని కూర్చున్న ఆడవాళ్ళ వరస. ఆరుగురు, ఆరు గళ్ళు, గడి కింద తెలుగులో ఒక్కో పంక్తి. పెద్దాయన ఉంటే ఒప్పుకునేవారో లేదో. మూడో గడిలో బొట్టు పడింది. టికెట్ల కట్ట మీద చిలక కింద మార్చేశాను.

సంక్రాంతికి వచ్చేటప్పుడు తుప్పు పట్టిన మేకులు, బోల్టులు ఎక్కడ కనిపించినా ఏరుకు రండి. కుండలో సగానికి దిగిపోయింది.

మీ
అమ్మమ్మ