గ్రిడ్ భద్రత: గుట్టు వీడిన చదువు

2007 మార్చిలో అమెరికాలోని ఐడహో నేషనల్ లాబొరేటరీ ఒక ప్రయోగం కోసం డీజిల్ జనరేటర్‌ను బలిపెట్టింది. 2.25 మెగావాట్ల ఆ యంత్రాన్ని గ్రిడ్‌కు కలిపే బ్రేకర్ అనే పెద్ద స్విచ్‌ను ఓపెన్ చేయడం (అంటే లింకు తెంపడం), గ్రిడ్ కరెంటు లయతో జనరేటర్ లయ కలవని, అంటే ఫేజ్ తప్పిన క్షణంలో మళ్లీ క్లోజ్ చేయడం (కలపడం), అంతే. యంత్రం అదిరిపోయింది, ముక్కలు ఎగిరిపడ్డాయి, చివరికి పొగ కక్కి ఆగిపోయింది. కంప్యూటర్ ఆదేశాలు ఇనుమునే విరగ్గొట్టగలవని తేలింది.

ఆ ప్రయోగానికి పెట్టిన పేరు అరోరా. వీడియో ఆ ఏడాదే టీవీకెక్కింది, కాగితాలు మాత్రం గుట్టుగా ఉంచారు. గూగుల్‌పై అంతకుముందు జరిగిన, దీంతో సంబంధం లేని ‘ఆపరేషన్ అరోరా’ సైబర్ దాడి వివరాలు 2014లో ఎవరో అడిగితే, అమెరికా హోంలాండ్ సెక్యూరిటీ శాఖ పొరబాటున ఈ అరోరా కాగితాలు 800 పేజీలకు పైగా చేతిలో పెట్టేసింది! గుట్టు అలా రట్టయింది.

అసలు బలహీనత ఇంకా పాతది. 1979లో వచ్చిన మోడ్‌బస్ లాంటి ప్రోటోకాల్స్‌లో (పారిశ్రామిక పరికరాలు మాట్లాడుకునే పద్ధతుల్లో) ఆదేశం ఎవరిచ్చారని పరికరం అడగదు. లైను మనదే, అవతల ఉన్నదీ మనవాళ్లే అన్న ధీమాతో చేసినవి. తర్వాత అవే పరికరాలు ఆఫీసు నెట్‌వర్క్‌లకూ, వాటి మీదుగా ఇంటర్నెట్‌కూ ముడిపడ్డాయి.

2015 డిసెంబర్ 23న ఉక్రెయిన్‌లో ఆ ధీమా పోయింది. ఆపరేటర్ల కళ్లముందే స్క్రీన్ మీద మౌస్ దానంతటది కదులుతూ బ్రేకర్లు ఓపెన్ చేసింది. సుమారు 2.25 లక్షల మంది వినియోగదారులకు కరెంటు పోయింది. సిబ్బంది సబ్‌స్టేషన్లకు పరుగెత్తి చేత్తో బ్రేకర్లు వేస్తేగానీ సప్లై రాలేదు. ఇంతకీ దొంగ దూరింది కొన్ని నెలల ముందు ఎవరో తెరిచిన ఈమెయిల్ అటాచ్‌మెంట్‌లోంచి.

ఈసారి మాత్రం ఎవరూ దాచలేదు. 2016 మార్చికల్లా విశ్లేషణ బహిరంగమైంది. నేర్చుకోవాలనుకునేవాళ్లు ఇప్పటికీ అక్కడే మొదలుపెట్టవచ్చు. గ్రిడ్ నడక తెలియాలంటే ఓపెన్ సోర్స్‌లో దొరికే ఓపెన్‌డీఎస్‌ఎస్ అనే సిమ్యులేటర్, దాడి పద్ధతులకు అమెరికా పరిశోధన సంస్థ మైటర్ 2020లో తెచ్చిన పారిశ్రామిక వ్యవస్థల పట్టిక, అమెరికా సైబర్ సంస్థ సీసా ఇచ్చే ఉచిత కోర్సులు ఉన్నాయి. ఇంట్లో సిమ్యులేటర్‌ను ఎంత ఆడించినా ఎవరూ అడగరు. ఇతరుల పరికరం జోలికి పోతేనే తంటా: చాలా దేశాల్లో అనుమతి లేకుండా చొరబడటమే నేరం, చెడగొట్టే ఉద్దేశం లేకపోయినా సరే. పైగా యంత్రాలను నడిపే పాత కంట్రోలర్లు కొన్ని మామూలు నెట్‌వర్క్ స్కాన్‌కే హ్యాంగ్ అవుతాయి.

2016 డిసెంబర్‌లో కీవ్ సబ్‌స్టేషన్‌ను పడగొట్టిన ఇండస్ట్రాయర్ అనే మాల్‌వేర్‌ను కూడా మరుసటి ఏడాదే విప్పి చూపించారు. 2022 ఏప్రిల్‌లో దాని కొత్త రూపం ఉక్రెయిన్ గ్రిడ్ మీదికి వచ్చింది. విశ్లేషకులు పోలిక పట్టేశారు, దాడిని అడ్డుకున్నారు.