పక్కగదికి పంపిన పాఠం

గ్లాసులో పోసిన వేడినీళ్లు తొందరగా చల్లారకూడదు. అలాంటి పరికరాన్ని పిల్లలే ఆలోచించి, తయారు చేసి, థర్మామీటరు పెట్టి పరీక్షించాలి. అమెరికాలో 2013 ఏప్రిల్‌లో వచ్చిన 'నెక్స్ట్ జనరేషన్ సైన్స్ స్టాండర్డ్స్' అనే సైన్స్ బోధన ప్రమాణాలు మిడిల్ స్కూల్ పిల్లల నుంచి ఆశించే పనుల్లో ఇలాంటిదీ ఉంది. వడ్రంగం గదిలో కాదు, సైన్స్ తరగతిలో. ఇంజినీరింగ్ అక్కడికి కొత్తగా వచ్చిందని చాలామంది అనుకున్నారు. కానీ అది శతాబ్దం కిందటే బడి గుమ్మం దాటింది. దాన్ని పక్కగదికి పంపేశారంతే.

1876లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో జరిగిన ప్రపంచ ప్రదర్శనకు మాస్కో నుంచి విక్టర్ డెల్లావోస్ బోధన పద్ధతి వచ్చింది. పనిముట్ల వాడకాన్ని చిన్న చిన్న అభ్యాసాలుగా విడగొట్టి, ఒకదాని తర్వాత ఒకటి నేర్పే పద్ధతి అది. దాన్ని చూసిన, అమెరికా సాంకేతిక విద్యాసంస్థ ఎంఐటీ అధ్యక్షుడు జాన్ రంకిల్ ఎంతో ఆకర్షితుడయ్యాడు. కాల్విన్ వుడ్‌వర్డ్ 1880లో సెయింట్ లూయిస్‌లో తెరిచిన బడిలో లెక్కలు, సైన్స్, సాహిత్యంతో పాటు వర్క్‌షాపు పని కూడా ఉండేది. పిల్లల్ని వడ్రంగుల్ని చేయడం ఆయన ఉద్దేశం కాదు, చేతినీ బుద్ధినీ కలిపి పెంచడం.

ఆ కలయిక నిలవలేదు. 1893లో హైస్కూల్ చదువుపై 'పదిమంది కమిటీ' ఇచ్చిన నివేదిక సైన్స్‌కు ప్రయోగశాల కావాలంది. 1917 నాటి స్మిత్-హ్యూస్ చట్టం వృత్తివిద్యకు కేంద్ర నిధులిచ్చింది, కానీ దాన్ని మిగతా చదువుకు దూరంగా పెట్టింది. సైన్స్ ప్రయోగశాలలో ఉండిపోయింది. తయారీ పని వర్క్‌షాపుకు చేరింది. అబ్బాయిలు అక్కడికి వెళ్తే, అమ్మాయిలకు వంట, కుట్టు పాఠాలు దక్కాయి. ఈ కథలో పెద్ద నష్టం ఇదేనని నా అభిప్రాయం.

1957 అక్టోబరు 4న సోవియట్ ఉపగ్రహం స్పుత్నిక్ ఎగిరింది. మరుసటి ఏడాది అమెరికాలో జాతీయ రక్షణ విద్యా చట్టం వచ్చింది. సైన్స్ చదువుకు డబ్బు వరదలా పారింది. అయితే ఎంఐటీలో 1956లోనే మొదలైన పీఎస్ఎస్‌సీ (ఫిజికల్ సైన్స్ స్టడీ కమిటీ) భౌతికశాస్త్ర కోర్సు లాంటివి పిల్లల్ని శాస్త్రవేత్తల్లా ఆలోచింపజేయాలనుకున్నాయి, యంత్రాల గురించిన పాఠాలను తగ్గించేశాయి. అమెరికాను ఉలిక్కిపడేలా చేసింది ఒక ఇంజినీరింగ్ విజయం. బడులు ఇచ్చిన జవాబులో మాత్రం ఇంజినీరింగ్‌కు చోటు దొరకలేదు.

తర్వాత తలుపు కొద్దికొద్దిగా తెరుచుకుంది. 1989లో 'సైన్స్ ఫర్ ఆల్ అమెరికన్స్', 1996లో జాతీయ సైన్స్ ప్రమాణాలు సాంకేతిక రూపకల్పనను ప్రస్తావించాయి. 2001లో మసాచుసెట్స్ దాన్ని రాష్ట్ర ప్రమాణాల్లో చేర్చింది. ఇంగ్లండ్, వేల్స్ మాత్రం 1990లో 'డిజైన్ అండ్ టెక్నాలజీ'ని విడి సబ్జెక్టుగా పెట్టుకున్నాయి.

అసలు మలుపు 2011లో నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ ఇచ్చిన ఫ్రేమ్‌వర్క్. 2013 ప్రమాణాలకు పునాది అదే. అది ఎనిమిది అభ్యాసాలు చెప్పింది. నమూనాలు కట్టడం, కొలవడం, ఆధారంతో వాదించడం లాంటి ఆరింటికి సైన్స్‌లోనూ ఇంజినీరింగ్‌లోనూ ఒకటే పేరు. రెండు చోట్ల మాత్రం దారులు చీలతాయి. శాస్త్రవేత్త ప్రశ్న అడిగే చోట ఇంజినీరు సమస్యను నిర్వచిస్తాడు. శాస్త్రవేత్త వివరణ వెతికే చోట ఇంజినీరు పరిష్కారం రూపొందిస్తాడు. ఇంత సూటిగా గీత గీయడం వల్లే టీచరుకు పట్టు దొరికింది.

చిక్కు కూడా ఇక్కడే ఉంది. గ్లాసుకు దూది చుట్టి, నీళ్లు వేడిగానే ఉన్నాయని సంతోషిస్తే అది చేతిపని. దూదిలో చిక్కుకున్న గాలి వేడిని ఎందుకు ఆపుతుందో చెప్పి, ఆ కారణంతో రెండో నమూనా మారిస్తే అది సైన్స్. రెండో నమూనాకు సమయం ఇవ్వని పీరియడ్‌లో మొదటిదే మిగులుతుంది. పైగా ఇంజినీరింగ్ ఎన్నడూ చదవని టీచర్లే దీన్ని చెప్పాల్సి వచ్చింది.

2014లో ఎనిమిదో తరగతి పిల్లలకు సాంకేతిక, ఇంజినీరింగ్ అవగాహనపై జాతీయ స్థాయిలో తొలిసారి కంప్యూటర్ పరీక్ష పెట్టారు. ప్రావీణ్య స్థాయి అందుకున్న అబ్బాయిలు 42 శాతం, అమ్మాయిలు 45 శాతం.