బాపు తాగే బీడీ, బిడ్డ పీల్చే పొగ

చలికాలం మొదలైందంటే వరంగల్, కరీంనగర్, జగిత్యాల వైపు పిల్లల డాక్టర్ల దగ్గర జనం పెరుగుతారు. సర్ది, దగ్గు, పిల్లికూతలు, రాత్రంతా ఆయాసం. బిడ్డను ఎత్తుకొచ్చిన తల్లిని ఇంట్లోవాళ్లు ముందే నాలుగు మాటలు అని ఉంటారు. పెరుగు పెట్టినవ్, నీళ్లల్ల ఆడనిచ్చినవ్, మంచుల తిప్పినవ్ అని. నెల తిరగకముందే అదే దగ్గు మళ్లీ వస్తే తప్పు మళ్లీ ఆమెదే. ఇంట్లో ఎవరైనా బీడీ, సిగరెట్ తాగుతారా అన్న మాట మాత్రం చాలాసార్లు రానే రాదు. పిల్లవాడికి పదే పదే నిమ్ము చేస్తుంటే మొదట అడగాల్సిన వాటిలో అదొకటి.

పొగ, పిల్లల ఆరోగ్యం గురించి మనం వినే హెచ్చరికలు ఎక్కువగా గర్భిణి పొగతాగడం చుట్టూ తిరుగుతాయి. ఆడవాళ్లు కూడా బాగా పొగతాగే దేశాల్లో జరిగిన పరిశోధనల నుంచి వచ్చాయవి. మన దగ్గర వెనకటి అవ్వలు చుట్ట తాగేవారు గానీ, ఇవాళ పిల్లల్ని కనే వయసు ఆడవాళ్లలో పొగతాగేవాళ్లు చాలా తక్కువ. తాగేది తండ్రి, తాత, చిన్నాన్న. అందుకే ఉత్తర తెలంగాణలో ఈ విషయాన్ని తండ్రి వైపు నుంచి చూడాలి. 2016-17లో దేశవ్యాప్తంగా జరిగిన పొగాకు సర్వేలో 38.7 శాతం మంది పెద్దలు తమ ఇంట్లోనే ఇతరుల పొగ పీలుస్తున్నామని చెప్పారు. సర్వే పెద్దవాళ్లనే అడిగింది. పిల్లలు ఉండేదీ ఆ ఇళ్లలోనే.

భర్త పొగ భార్య ఒంట్లోకి ఎంత పోతుందో గట్టిగా చూపించినవాడు జపాన్‌కు చెందిన పరిశోధకుడు తకేషి హిరయామా. పొగతాగని 91 వేల మందికి పైగా భార్యలను పద్నాలుగేళ్ల పాటు గమనించి 1981లో ఫలితాలు ప్రకటించాడు. భర్త ఎంత ఎక్కువ తాగితే భార్యకు ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు అంత పెరిగింది. సిగరెట్ కంపెనీలు ఆ లెక్కల మీద విరుచుకుపడ్డాయి, కానీ తర్వాత వేరే దేశాల్లో జరిగిన పరిశోధనలూ అదే మాట చెప్పాయి. ఆ భార్య గర్భిణి అయితే పొగ ఆమెతో ఆగదు. 1994లో కెనడా పరిశోధకులు అప్పుడే పుట్టిన పిల్లల వెంట్రుకలు పరీక్షించారు. తల్లి ఒక్క సిగరెట్ తాగకపోయినా, చుట్టూ తాగేవాళ్లుంటే పసిబిడ్డ జుట్టులో నికోటిన్, అది శరీరంలో విరిగినప్పుడు మిగిలే కోటినిన్ ఎక్కువగా కనిపించాయి.

పొగలోని కార్బన్ మోనాక్సైడ్ రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తల్లి రక్తంలో అది చేరినకొద్దీ కడుపులోని బిడ్డకు అందే ఆక్సిజన్ తగ్గుతుంది. నికోటిన్ మాయలోని రక్తనాళాలను బిగిస్తుంది. తల్లి తానే తాగితే బిడ్డ బరువు సగటున 200 గ్రాముల దాకా తగ్గుతుంది. ఇతరుల పొగ పీలిస్తే తగ్గేది 30, 40 గ్రాములే. అంతేనా అనిపించవచ్చు. కానీ రక్తహీనత, చాలని తిండి, కట్టెల పొయ్యి పొగ ఇప్పటికే లాగేసిన బరువు మీద ఇది అదనం. రెండున్నర కిలోల కన్నా తగ్గితే తక్కువ బరువు అంటారు, ఆ గీత దగ్గర ఊగిసలాడే బిడ్డకు ఆ కాస్తా లెక్కకు వస్తుంది.

తండ్రి వంతు అంతకన్నా ముందే మొదలవుతుంది. వీర్యకణం తయారవడానికి దాదాపు రెండున్నర నెలలు పడుతుంది. ఆ కాలంలో పొగ దాని డీఎన్ఏను దెబ్బతీస్తుంది. గర్భం నిలిచే రోజుల్లో తండ్రి పొగతాగితే పిల్లల్లో ఒక రకం రక్త క్యాన్సర్ ముప్పు కొద్దిగా ఎక్కువని పలు పరిశోధనలు కలిపి చూస్తే తేలింది. అది అరుదైన జబ్బు, భయపడాల్సిన పని లేదు. కానీ పిల్లలు కావాలనుకునే జంటలో భార్యకు ఐరన్, ఫోలిక్ యాసిడ్ మాత్రలు రాసిన రోజే భర్తను గర్భానికి మూడు నెలల ముందు నుంచే బీడీ మానమని చెప్పడం న్యాయం.

బిడ్డ పుట్టాక దెబ్బ సూటిగా ఊపిరితిత్తుల మీద పడుతుంది. ఊపిరితిత్తుల్లో ఆక్సిజన్ రక్తంలోకి దిగే చిన్న చిన్న గాలి తిత్తులుంటాయి. వాటిలో చాలా భాగం పుట్టిన తర్వాతే, ముఖ్యంగా మొదటి రెండు మూడేళ్లలో తయారవుతాయి. నారుమడిలో తెగులు తగిలితే పొలంలో ఎంత ఎరువు వేసినా పైరు వెనకబడినట్టే, ఆ వయసులో పొగ తగిలిన ఊపిరితిత్తులు నెమ్మదిగా పెరుగుతాయి. పైగా పెద్దవాళ్లు నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీసుకుంటే అప్పుడే పుట్టిన బిడ్డ 30 నుంచి 60 సార్లు తీసుకుంటుంది. లేచి బయటికి వెళ్లిపోవడం కూడా దానికి చేతకాదు. శ్వాసనాళాల లోపలి సన్నని నూగు కఫాన్ని బయటికి నెడుతుంటుంది. పొగ ఆ నూగును మొద్దుబారుస్తుంది. కఫం నిలిచిపోతుంది, సూక్ష్మజీవులు పెరుగుతాయి, నిమ్ము చేస్తుంది. ఉబ్బసం ఉన్న పిల్లలకు దాడులు ఎక్కువసార్లు, ఎక్కువ తీవ్రంగా వస్తాయి. నిద్రలోనే పసిపిల్లలు ఉన్నట్టుండి చనిపోయే ముప్పు కూడా పొగ ఉన్న ఇళ్లలో ఎక్కువ.

చెవి సంగతి చాలామందికి తెలియదు. గొంతు వెనక నుంచి చెవిలోకి వెళ్లే గొట్టం పిల్లల్లో పొట్టిగా, దాదాపు అడ్డంగా ఉంటుంది. పొగకు అది వాచి మూసుకుపోతే చెవి లోపల నీరు చేరుతుంది, చీము పట్టి కారుతుంది. నెలల తరబడి సరిగ్గా వినబడకపోతే మాటలు ఆలస్యమవుతాయి. బడికి వెళ్లాక ఆ పిల్లవాడిని పలకడు, ధ్యాస లేదు అంటారు.

‘బీడీ అంటే ఆకే కదా, సిగరెట్ కన్నా నయం’ అనే మాట మన ఊళ్లలో బాగా వినిపిస్తుంది. ములుగు, భూపాలపల్లి అడవుల్లో ఎండాకాలం తునికాకు కోసి కట్టలు కట్టేవాళ్లు కూడా అదే నమ్ముతారు. నిజానికి తునికాకులోంచి గాలి సరిగ్గా ఆడదు. దమ్ము లాగుతూ ఉండకపోతే బీడీ ఆరిపోతుంది. అందుకని తాగేవాడు ఎక్కువసార్లు, గట్టిగా లాగుతాడు. దాంతో తారు, నికోటిన్, కార్బన్ మోనాక్సైడ్ సిగరెట్ కన్నా ఎక్కువే అందుతాయి.

‘నేను బయటే తాగుతా’ అనే తండ్రులను తప్పు పట్టను. ఇంట్లో తాగడం కంటే అది ఎంతో మేలు. కానీ చివరి దమ్ము తర్వాత కూడా కొన్ని నిమిషాల పాటు ఊపిరితో పొగ రసాయనాలు వస్తూనే ఉంటాయి. చేతులకు, అంగీకి, మీసాలకు అంటినది వేరే. బయట తాగే తల్లిదండ్రుల పిల్లల మూత్రంలోనూ, పొగ లేని ఇళ్ల పిల్లల కంటే ఎక్కువ కోటినిన్ కనిపించింది. గోడలకు, దుప్పట్లకు పట్టిన నికోటిన్ గాలిలోని నైట్రస్ ఆమ్లంతో కలిసి క్యాన్సర్ కారకాలుగా మారుతుందని 2010లో అమెరికాలోని బర్క్‌లీ శాస్త్రవేత్తలు చూపించారు. పాకే పిల్లలు నేలనంతా చేతులతో తడిమి ఆ చేతులే నోట్లో పెట్టుకుంటారు.

నిజామాబాద్, కామారెడ్డి, జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ జిల్లాల్లో దీనికి మరో సంగతి తోడవుతుంది. అక్కడ ఎన్నో ఇళ్లలో తల్లులు చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడతారు. పక్కనే బిడ్డ పడుకుని ఉంటుంది. తంబాకు పొడి గాలిలో లేస్తుంది, చాప మీద రాలుతుంది. కూలి కోసం చేసే ఆ పనిని మానేయమనే హక్కు ఎవరికీ లేదు. బిడ్డ పడుకునే చోటికి దూరంగా, గాలి ఆడే వాకిట్లో చుట్టడం, లేవగానే చేతులు సబ్బుతో కడిగి బిడ్డను ఎత్తుకోవడం, చాటను అందని ఎత్తులో పెట్టడం వీలైనంత చేయవచ్చు. బిడ్డ తంబాకు గానీ బీడీ ముక్క గానీ మింగి వాంతులు చేసుకుంటే ఇంటి వైద్యం చేయకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకుపోవాలి.

బహిరంగ స్థలాల్లో పొగతాగడాన్ని నిషేధించే నియమాలు మన దేశంలో 2008 అక్టోబర్ 2న కట్టుదిట్టంగా అమల్లోకి వచ్చాయి. ఇంటి గడప లోపలికి అవి రావు. బయట నిషేధిస్తే మగవాళ్లు ఇంట్లో ఎక్కువ తాగుతారేమోనని కొందరి భయం. స్కాట్లాండ్‌లోనూ అదే భయం ఉండేది. అక్కడ 2006 మార్చిలో నిషేధం వచ్చింది. అప్పటిదాకా ఉబ్బసంతో ఆస్పత్రిలో చేరే పిల్లలు ఏటా 5 శాతం చొప్పున పెరుగుతుంటే, ఆ తర్వాత ఏటా 18 శాతం చొప్పున తగ్గారు. బయట మానడం అలవాటైనవాళ్లు ఇంట్లోనూ తగ్గించుకున్నారన్నమాట.

మన ఇళ్లలో కోడలు మామను, భార్య భర్తను బీడీ ఆర్పమని అడగడం తేలిక కాదు. ఆ మాట డాక్టరు నోటి నుంచి, ఆశా కార్యకర్త నోటి నుంచి వస్తే ఇంట్లో గొడవ కాదు. కాబట్టి గర్భిణి పరీక్షకు వెళ్లినప్పుడు భర్త కూడా వెళ్లాలి, ఆ సంగతి అతనితోనే మాట్లాడాలి. తండ్రి మానేస్తే బిడ్డ ఒంట్లోని కోటినిన్ కొద్ది రోజుల్లోనే దాదాపుగా పోతుంది. మానడానికి సాయం కావాలంటే జాతీయ పొగాకు క్విట్‌లైన్ 1800-11-2356కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనూ మాట్లాడతారు.