కాగితాన్ని అడిగి చేసిన నెగటివ్

మొదటి ప్రింటులో నురుగు రాలేదు.

విశాఖ ఆర్కే బీచ్‌లో తెల్లవారుజామున ఫోనుతో తీసిన ఫోటో అది. వెనక డాల్ఫిన్స్ నోస్ కొండ నల్లగా, ముందు అల విరిగి పరుచుకున్న నురుగు, ఆ నురుగులో చిరిగిన వల దారాల్లాంటి సన్నని గీతలు. కంప్యూటర్ తెర మీద ఒక్కో దారం లెక్కపెట్టొచ్చు. ఆ ఫైల్లో నలుపుని తెలుపు, తెలుపుని నలుపు చేసి, ఇంక్‌జెట్ ప్రింటరులో పారదర్శకమైన ఫిల్ము మీద నెగటివ్ తీశాను. మహారాణిపేటలో మా ఇంటి బాత్రూమే నా డార్క్‌రూమ్. ఆ నెగటివ్ గుండా బ్రోమైడ్ పేపరు మీద, అంటే వెలుతురుకి స్పందించే ఫోటో కాగితం మీద, వెలుతురు వేశాను. ఎర్ర బల్బు కింద దాన్ని డెవలపర్ ట్రేలో, అంటే బొమ్మని తేల్చే రసాయనంలో, వేసి ఊపుతుంటే కొండ నిండుగా తేలింది. నురుగు ఉండాల్సిన చోట మాత్రం ఉత్త కాగితం. ఆ దారాలు రప్పించడానికి దాదాపు నెల పట్టింది.

వెనకటికి 'రీలు కడిగించడం' అనేవాళ్ళం కదా, కడగడానికి ముందు జరిగేదే అసలు విశేషం. బ్రోమైడ్ పేపరు పైపొర జెలటిన్. అందులో వెండి బ్రోమైడ్, వెండి క్లోరైడ్ స్ఫటికాలు లెక్కలేనన్ని ఇరుక్కుని ఉంటాయి. వెలుతురు తగిలిన స్ఫటికంలో నాలుగైదు వెండి పరమాణువులు ఒకచోట చేరితే చాలు, దానికి గుర్తు పడినట్టే. కంటికేమీ కనపడదు. డెవలపర్‌లో పడ్డాక ఆ గుర్తున్న స్ఫటికం మొత్తం వెండిగా మారి నల్లబడుతుంది. గుర్తు లేనివాటిని హైపో అనే రసాయనం కరిగించి తీసేస్తుంది. పట్టీల్లో తళతళలాడే వెండే, అంత సన్నని రేణువులుగా ఉంటే నల్లగా కనిపిస్తుంది.

అంటే వెలుతురు పడ్డచోట నలుపు, పడనిచోట తెలుపు. అందుకే మధ్యలో ఒక తిరగేసిన బొమ్మ కావాలి. ఇంగ్లండ్‌లో టాల్బట్ అనే శాస్త్రవేత్త 1835లో తన ఇంటి కిటికీ బొమ్మని అలా నెగటివ్‌గా కాగితం మీదికి ఎక్కించాడు. నెగటివ్, పాజిటివ్ అన్న మాటలు ఫోటోగ్రఫీలో వాడుకలోకి తెచ్చింది మరో ఇంగ్లిష్ శాస్త్రవేత్త జాన్ హెర్షెల్. హైపో వెండి లవణాలను కరిగిస్తుందని 1819లోనే కనిపెట్టిందీ ఆయనే.

ఫిల్ము నెగటివ్ చిన్నది, ఎన్‌లార్జర్‌తో పెద్దది చేసుకోవచ్చు. ఇంక్‌జెట్ నెగటివ్‌ని అలా పెంచితే సిరా చుక్కలన్నీ బయటపడతాయి. కాబట్టి ప్రింటు ఎంత కావాలో నెగటివ్ కూడా అంతే ఉండాలి. దాన్ని పేపరు మీద పరిచి, పైన అద్దం పెట్టి, వెలుతురు వేయాలి. సిరా వైపు పేపరుకి తగలాలి గనక బొమ్మని ముందే కుడి ఎడమలు మార్చుకోవాలి. 8×10 అంగుళాల నెగటివ్‌కి అంగుళానికి 360 పిక్సెళ్ళ చొప్పున వేసుకుంటే 2880×3600, కోటి పిక్సెళ్ళు దాటుతాయి. ఇవాళ్టి ఫోను కెమెరా ఇవ్వగలిగిందే.

ఇక నురుగు సంగతి. ఫైల్లో నలుపు నుంచి తెలుపు దాకా 0 నుంచి 255 వరకు మెట్లుంటాయి. నెగటివ్‌లో అవి సిరా మందంగా మారతాయి. సిరా నిండుగా పడ్డచోట వెలుతురులో వందో వంతు మాత్రమే దాటుతుందనుకుందాం. మామూలు 2వ గ్రేడు, అంటే నలుపు తెలుపుల తేడాని (కాంట్రాస్ట్‌ని) మధ్యస్థంగా చూపే, బ్రోమైడ్ పేపరుకి నిండు నలుపు నుంచి తెలుపు దాకా వెళ్ళడానికి పది పన్నెండు రెట్ల తేడా సరిపోతుంది. అంతకు మించి వెలుతురు తగ్గితే దానికి అసలు అందనట్టే. నా దారాలన్నీ ఆ గీతకి అవతల పడ్డాయి. నెగటివ్‌ని కిటికీకి ఎదురుగా పట్టి భూతద్దంతో చూస్తే ఉన్నాయి, పేపరుకి మాత్రం అన్నీ ఒకటే తెలుపు. పైగా ఆ పది పన్నెండు రెట్ల లోపల కూడా పేపరు ఒకే నడక నడవదు. మొదట మెల్లగా, మధ్యలో గబగబా, చివర మళ్ళీ మెల్లగా నల్లబడుతుంది.

కాబట్టి బొమ్మని పక్కనపెట్టి ముందు పేపరుని అడగాలి. నేను చేసింది ఇది. సిరా లేని ఖాళీ ఫిల్ముని పేపరు మీద పరిచి, రెండేసి సెకన్లు పెంచుకుంటూ వెలుతురు వేశాను. ఎక్కడి నుంచైతే నలుపు ఇంక పెరగడం లేదో, ఆ సమయాన్నే ఖాయం చేసుకున్నాను. తర్వాత ఆ సమయం మార్చనే లేదు. రెండో ప్రశ్న, కాగితం తెల్లగా మిగలడానికి ఎంత సిరా చాలు? నాకు ప్రింటరు పోయగలిగే దాంట్లో సగం సరిపోయింది. మూడోది, ఆ హద్దుల మధ్య 21 గళ్ళ మెట్ల పట్టీ. అది ప్రింటు వేసి, కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, స్కానర్ మీద పెట్టి ఒక్కో గడి విలువ రాసుకున్నాను. ఆరనివ్వడం ముఖ్యం, తడిగా మెరిసే తెలుపు ఆరాక కాస్త మసకబారుతుంది. రావాల్సిన బూడిద రంగుకీ వచ్చినదానికీ ఉన్న తేడాని ఎదురుదిశలో సర్దితే ఒక వంపు గీత వస్తుంది. ఫైలుకి ఆ గీత పూసి నెగటివ్ తీయాలి. అప్పుడు 256 మెట్లు చాలవు, కొన్నిచోట్ల సాగి పట్టీలు పట్టీలుగా తేలతాయి. ఫైలు 16 బిట్లలో, అంటే అంతకన్నా చాలా ఎక్కువ మెట్లతో, ఉంచుకోవాలి.

నన్ను బాగా ఆశ్చర్యపరిచింది పసుపు సిరా. మెట్ల పట్టీని పసుపు సిరా ఒక్కదానితో తీసి చూశాను. కంటికి నీళ్ళ మజ్జిగలా పలచన, పేపరుకి మాత్రం గోడే. ఈ పేపరు చూసేది ముఖ్యంగా నీలి వెలుతురుని. ఎర్ర బల్బు కింద మనం ధైర్యంగా పనిచేసేది అందుకే. పసుపు ఆపేదీ నీలాన్నే. ప్రింటర్లు బూడిద రంగు కోసం గుట్టుగా రంగు సిరాలు కలుపుతాయి, అక్కడే లెక్క తప్పుతుంది. వెలుతురు రంగుని బట్టి కాంట్రాస్ట్ మారే 'వేరియబుల్ కాంట్రాస్ట్' పేపరైతే నీలానికి ఒకలా, ఆకుపచ్చకి ఒకలా స్పందిస్తుంది గనక చిక్కు రెట్టింపు. నేను నలుపు, బూడిద సిరాలకే కట్టుబడ్డాను.

లేత బూడిద సిరాలున్న ప్రింటరు వాడటానికి ఇంకో కారణం కొండ. ప్రింటులో నల్లగా రావాల్సినచోట నెగటివ్ మీద సిరా అక్కడక్కడ చుక్కలుగా పడుతుంది. ఒక్కో చుక్కా నలుపులో తెల్ల మచ్చవుతుంది. నున్నటి బ్రోమైడ్ పేపరు దేన్నీ దాచదు, డాల్ఫిన్స్ నోస్ మీద ఉప్పు చల్లినట్టుండేది. ఈ బాధ లేని దారీ ఉంది. బ్రెజిల్ ఫోటోగ్రాఫర్ సెబాస్టియో సాల్గాడో డిజిటల్‌కి మారాక తన ఫైళ్ళని 4×5 అంగుళాల అసలైన ఫిల్ము మీదికి ఎక్కించి, వాటి నుంచి డార్క్‌రూమ్ ప్రింట్లు వేయించారు. ఆ పద్ధతి ఇంట్లో కుదిరేది కాదు.

మన ఊరి గాలి సంగతి చెప్పకపోతే విశాఖ వాళ్ళకి ఇది పనికిరాదు. ఆగస్టులో ఒక రాత్రి కిటికీ తెరిచే ఉంచాను. అద్దం ఎత్తేసరికి ఫిల్ము మీది సిరా పొర జెలటిన్‌కి అంటుకుని ఊడి వచ్చింది. ఒక నెగటివ్, రెండు పేపర్లు పోయాయి. అప్పటినుంచి నెగటివ్‌ని హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెట్టి, ఒక రాత్రి సిలికా జెల్ పొట్లాలతో డబ్బాలో పెడుతున్నాను. డెవలపర్‌కి 20 డిగ్రీల వేడి ఉండాలి. మే నెలలో మా కుళాయి నీళ్ళు 30 దాటతాయి. ట్రేని ఐసు నీళ్ళున్న పెద్ద బేసిన్‌లో నిలబెడితే కానీ పని జరగదు.

నెలాఖరున ఏడో నెగటివ్‌తో వేసిన ప్రింటు ట్రేలో పడింది. ముందు కొండ వచ్చింది, తర్వాత తడి ఇసుక. ముప్పై సెకన్లు దాటాక తెల్లటి చోట ఒక మూల సన్నని బూడిద గీత కదిలింది, దాని పక్కన ఇంకొకటి. రెండు నిమిషాలకి నురుగంతా అల్లుకుంది. ఇప్పుడది బాత్రూమ్ తలుపు మీద, 21 గళ్ళ పట్టీ పక్కన అంటించి ఉంది. ఆ పేపరు పెట్టెలో ఇంక నాలుగే మిగిలాయి. కొత్త పెట్టె వచ్చాక పట్టీ మళ్ళీ వేయాలి.