జైలు గడప దాటాక: రాయగడ కోర్టు వరండాలో రోజూ వినే అపోహలు

ఒడిశాలో రాయగడ, గుణుపురం వైపు ప్లీడరుగా నా దగ్గరికొచ్చే కక్షిదారుల్లో చాలామందికి ఇంట్లో తెలుగే. స్టేషన్ కాగితం ఒడియాలో ఉంటుంది, తీర్పు ఇంగ్లీషులో ఉంటుంది. చివరికి వాళ్ల చెవిన పడేది టీ కొట్టు దగ్గర ఎవరో చెప్పిన మాటే.

అపోహ: ప్రొబేషన్ మీద, అంటే జైలు వేయకుండా మందలించో బాండు రాయించుకునో, వదిలేశారంటే కేసు కొట్టేసినట్టే.

కిందటేడు ఒక పెద్దావిడ బియ్యం సంచిలో కాగితాలు చుట్టుకుని వచ్చింది. "బాబూ, మావోడి మీద కేసు లేదని అప్పుడే అన్నారు కదా, ఇప్పుడు పోలీసు కాగితంలో ఉందంటన్నారేటి?" కొడుకు ఆటో స్టాండ్ గొడవలో ఒకతన్ని కొట్టాడు. తీర్పు ఆఖరి పేజీ మీద వేలు పెట్టి చదివి వినిపించాను: నేరం రుజువైంది, ఏడాదిపాటు సత్ప్రవర్తనతో ఉంటానని బాండు రాయించుకుని విడిచిపెట్టారు. నిర్దోషి అన్న మాట ఎక్కడా లేదు.

వాస్తవం: 1958 నాటి ప్రొబేషన్ చట్టం కింద మందలించి పంపినా, బాండు మీద వదిలినా, దోషిగా తేలినట్టే లెక్క. కానీ అదే చట్టంలో 12వ సెక్షన్ ఉంది. శిక్ష పడినవాడికి ఇతర చట్టాలు పెట్టే అనర్హత ఇలా విడుదలైనవాడికి అంటదు. అలాగని ఉద్యోగి ప్రవర్తన మీద శాఖ చర్య తీసుకుంటే మాత్రం ఈ సెక్షన్ దాన్ని ఆపదు. ఆ కుర్రాడి కోసం తీర్పు నకలుకి 12వ సెక్షన్ రాసిన అర్జీ జతచేసి ఇచ్చాం. అయినా అతను అడిగిన సెక్యూరిటీ ఉద్యోగం రాలేదు. తర్వాత ఒక గోడౌన్‌లో పని దొరికింది.

ఈ ప్రొబేషన్ అడగాల్సింది దోషి అని చెప్పాక, శిక్ష ఖరారు చేసేముందు. యావజ్జీవం పడే నేరం కాకపోతే, 21 ఏళ్లు నిండనివాడికి జైలు వేయాలంటే జడ్జి కారణం రాయాలి. అది గుర్తు చేయాల్సిన మా ప్లీడర్లలోనే కొందరు నోరు మెదపరు, భోజనం వేళ దాటిపోతోందని కాబోలు.

అపోహ: గంజాయి మూట మోసినా, మొదటి తప్పే కదా, వదిలేస్తారు.

వదలరు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం 33వ సెక్షన్ ప్రొబేషన్ దారి మూసేసింది. 18 ఏళ్ల లోపు వాళ్లకీ, వాడకం లాంటి చిన్న నేరాలకీ తప్ప. కొండదారిలో "ఒక్క ట్రిప్పే" అని మూట ఎత్తేవాడికి ఈ సంగతి ముందు ఎవరూ చెప్పరు.

అపోహ: ఉద్యోగం ఫారంలో కేసు గడి దగ్గర "లేదు" అని రాసేస్తే గొడవ ఉండదు.

అసలు గొడవ అక్కడే మొదలవుతుంది. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే: అడిగినప్పుడు నిజం రాయాలి. కుర్రతనంలో చేసిన చిన్న నేరమైతే యజమాని దాన్ని పట్టించుకోకుండా వదిలేయొచ్చు. దాచినందుకు మాత్రం ఉద్యోగం పోవచ్చు. కేసు కొట్టేసినా అడిగితే ఉన్నదున్నట్టు రాసి నకలు పెట్టండి.

అపోహ: జైలుకెళ్తే ఇక ఓటు లేదు.

లోపల ఉన్నన్నాళ్లే లేదు. బయటికొచ్చాక వేయొచ్చు. పోటీ చేయడం సంగతి వేరు: రెండేళ్లు, అంతకు మించి శిక్ష పడితే విడుదలయ్యాక కూడా ఆరేళ్లు ఎమ్మెల్యే, ఎంపీ ఎన్నికల్లో నిలబడలేరు.

అపోహ: కొన్నేళ్లు పోతే రికార్డు దానంతటదే చెరిగిపోతుంది.

బ్రిటన్‌లో అలాంటి చట్టం 1974 నుంచీ ఉంది. మన దగ్గర పెద్దవాళ్లకి లేదు, ఉండాలన్నది నా అభిప్రాయం. పిల్లలకి మాత్రం 2015 నాటి బాలన్యాయ చట్టం 24వ సెక్షన్ అనర్హత తీసేస్తుంది, రికార్డు కూడా తీసేయమంటుంది. 16 దాటి, ఘోర నేరంలో పెద్దవాళ్లతో సమానంగా విచారించినవాళ్లు ఇందులోకి రారు.

జైల్లో ఉన్నవాళ్లకి ఆదాయంతో పని లేకుండా ఉచిత ప్లీడరు దొరుకుతాడు, 15100కి ఫోన్ చేయండి. బయటికొచ్చిన వారంలోనే తీర్పు నకళ్లు రెండు తీయించుకోండి. లామినేషన్ మాత్రం వద్దు. ఒకాయన చేయిస్తే కోర్టు ముద్ర మెరుపులో కలిసిపోయింది. ఆఫీసులో కొత్త నకలు తెమ్మని వెనక్కి పంపేశారు.